గాల్ఫ్ సంచిలో హైబ్రిడ్ కర్ర

గాల్ఫ్ ఆడువాని సంచిలో 14 కర్రలకు మించి ఉండరాదు. అమెరికా దేశపు గాల్ఫ్ సంఘము 1938 లోను, స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణమున నెలకొనిన రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 1939 లోను ఈ హద్దును ఏర్పరచినవి. అంతకు పూర్వము ఇరువదికి పైగా కర్రలను సంచిలో కుక్కి, దానిని వేరొకని భుజమున వేసి, తాము చేతులూపుకొనుచు నడచిన ఆటగాండ్రు ఉండిరి. ఇప్పుడు 15వ కర్ర పొరపాటున సంచిలో ఉండిపోయినను దండన తప్పదు. దెబ్బల లెక్కతో ఆడు పోటీలో ఆ తప్పు జరిగిన ఒక్కొక్క గుంటకు రెండేసి దెబ్బలు, మొత్తము నాలుగింటికి మించకుండ, ఆటగాని లెక్కలో చేర్చుదురు. కనుక క్రొత్త కర్ర ఒకటి లోనికి రావలెనన్న పాతది ఒకటి బయటికి పోక తప్పదు. హైబ్రిడ్ అను కర్రను గూర్చి నేడు ముచ్చటింపబూనిన మాకు, వచ్చెడి కర్రతోపాటు పోవలసిన కర్రను గూర్చియు చెప్పవలసి యున్నది. కొనుట సులభమే, విడుచుటయే మాకు కష్టమైనది.

ఆటగాండ్రు ఈ కర్రలను క్లబ్బులందురు. సభ్యులు కూడెడి సంఘమునకును, చీట్లాడెడి భవనమునకును అదియే పేరు గనుక, వినువారికి తికమక కలుగకుండ మేము కర్ర అనియే వ్యవహరింతుము. ఆట ఎరుగని శ్రోతలకు ఒక్క మాట. పల్లెలలో బిళ్లంగోడు ఆడిన పిల్లలకు — తెలంగాణమున దీనినే చిర్రగోనె అందురు — కర్ర పొడవును బట్టి, బరువును బట్టి బిళ్ల పోవు దూరము మారునని ఎవరును నేర్పనక్కరలేదు. గాల్ఫ్‌లో బంతి చిన్నది, దూరము పెద్దది; తుదకు అది పడవలసినది నాలుగుంపావు అంగుళముల వెడల్పు గల గుంటలో. మొదటి దెబ్బకు రెండు వందల గజములు పోవలెను. చివరి దెబ్బకు రెండడుగులు పోయిన చాలును. అందుచేతనే ఒక్కొక్క దూరమునకు ఒక్కొక్క కర్ర. విశాఖపట్టణమున సముద్రపు గాలిలో ఆడువారికిని, హైదరాబాదున గోలకొండ నయాకిల్లా గోడల నడుమ ఆడువారికిని ఈ లెక్క ఒక్కటే.

ఈ కర్రలలో చిరకాలముగా రెండు తెగలు. ఒకటి వుడ్, రెండవది ఐరన్. వుడ్ అనగా కొయ్య. పూర్వము దీని తలను పెర్సిమన్ అను చెట్టు చేవతో చెక్కెడివారు. 1979లో అమెరికాలో గేరీ ఆడమ్స్ అను నతడు ఉక్కుతో బోలుతలను చేయించి అమ్మనారంభించిన పిమ్మట కొయ్య క్రమముగా కనుమరుగైనది. పేరు మాత్రము పోలేదు. చెరువు పూడిపోయి ఇండ్లు లేచిన తరువాతను చెరువుగట్టు వీధి అను పేరు నిలిచినట్లే. వుడ్ తల బొద్దుగా ఉండును, కాడ పొడవు. ఐరన్ తల పలుచని ఉక్కు పలక, కాడ పొట్టి. తల ముఖము నిటారుగా నుండక కొంచెము వెనుకకు వాలియుండును. ఈ వాలును డిగ్రీలలో కొలుతురు. వాలు హెచ్చిన కొలది బంతి పైకి లేచి దగ్గరలో పడును. తగ్గిన కొలది దిగువగా సాగి దూరము పోవును. స్కాట్లండువారు క్లీక్, మాషీ, నిబ్లిక్ అని ముద్దుపేర్లతో పిలిచిన ఐరన్లకు తరువాత అంకెలు వచ్చినవి. అంకె పెరిగినచో వాలు పెరుగును, కాడ తగ్గును.

చిక్కంతయు 2, 3, 4 అంకెలు గల ఐరన్ల వద్దనే. వీనిని పొడుగు ఐరన్లందురు. వాలు సుమారు 18 మొదలు 24 డిగ్రీల లోపల, ముఖము చిన్నది. ఇంత తక్కువ వాలుతో నేలమీది బంతి గాలిలోనికి లేవవలెనన్న కర్ర మిక్కిలి వేగముగా రావలెను, బంతి ముఖమధ్యమున తగులవలెను. నిత్యము సాధన చేయువారికి ఇది పట్టుబడును. ఆదివారము ఉదయము మాత్రము ఆడువారికి ఈ రెండును ఒకే దెబ్బలో కుదురుట అరుదు. ఇందొక విచిత్రము కలదు. వేగము చాలనివాడు 5 ఐరన్‌తో 140 గజములు కొట్టినచో, 4 ఐరన్‌తో 150, 3 ఐరన్‌తో 160 రావలెనని కాగితముమీది లెక్క. మైదానములో మూడును ఆ 140 దగ్గరనే పడుచుండును. 3 ఐరన్ బంతి ఒక్కొక్కప్పుడు ఇంకను వెనుకనే. బంతికి చాలినంత ఎత్తు రాకమునుపే అది నేలకు దిగిపోవుటయే ఇందులకు కారణము. అనగా అతని సంచిలో రెండు కర్రలు వట్టి బరువు.

హైబ్రిడ్ అన్న మాట మన రైతులకు జొన్న, మొక్కజొన్న, ప్రత్తి విత్తనముల మూలమున ఏనాడో పరిచితమైనది. ఇదియు అట్టి సంకరమే. తల వుడ్ వలె బోలుగా నుండును గాని అంత పెద్దది కాదు. కాడ ఐరన్ కంటె కొంచెము పొడవు గాని వుడ్ అంత పొడవు కాదు. 1975లో కోబ్రా సంస్థ బాఫ్లర్ అను పేరుతో, అడుగున రెండు పట్టాలవంటి గట్లు గల చిన్న వుడ్ ఒకటి తెచ్చినది. గడ్డిలో కూరుకొనిన బంతిని తీయుట దాని పని. నేటి హైబ్రిడ్‌కు దానిని తాతగా చెప్పవచ్చును. మనుమలు విరివిగా సంచులలోనికి వచ్చినది మాత్రము 2000 దాటిన తరువాతనే.

దీని బలము మూడు చోట్ల ఉన్నది. మొదటిది బరువు ఉన్న స్థానము. ఐరన్ బరువు ముఖము వెనుకనే ఉండును. హైబ్రిడ్ బరువు క్రిందుగా, వెనుకగా ఉండుటచే అదే వాలుతోనే బంతి మరింత పైకి లేచును. రెండవది తల తిరుగకుండుట. కావడి మోయువానిని చూడుడు. రెండు కుండలును బద్దకు చివరల వ్రేలాడుచుండుటచే కావడి గభాలున ప్రక్కకు తిరుగదు. అట్లే హైబ్రిడ్‌లో బరువు మధ్యకు దూరముగా పరచియుండుటచే, బంతి ముఖమధ్యమున గాక కొంచెము ప్రక్కగా తగిలినను తల మెలితిరుగుట తక్కువ, దెబ్బ వృథా యగుట తక్కువ. మూడవది అడుగు. ఐరన్ అడుగు నాగలి కర్రువలె నేలను కరచుకొనును. హైబ్రిడ్ అడుగు పడవ అడుగువలె వెడల్పై జారిపోవును. బంతికి అంగుళము వెనుక నేల తగిలినప్పుడు ఐరన్ అక్కడనే దిగబడును. హైబ్రిడ్ చాలవరకు జారి బంతిని చేరుకొనును.

ఇన్ని గుణములుండగా అందరును వెంటనే ఏల స్వీకరింపలేదని అడుగవచ్చును. మా సంగతి చెప్పుదుము. మేము ఒక 3 ఐరన్‌ను పదునైదేండ్లు మోసితిమి. ఆ కాలములో దానితో మనసుకు నచ్చిన దెబ్బలు ఎన్ని కొట్టితిమని లెక్కించిన రెండు చేతుల వ్రేళ్లు చాలును. ఐనను ఆ దెబ్బలలో ఒక దానిని నేటికిని మరువలేకున్నాము. బంతి బాణమువలె పోయినది, చేతులకు తగిలినట్లే లేదు. ఆ ఒక్క దెబ్బ జ్ఞాపకముతో మిగిలిన వందలను సహించితిమి. మా సంచి మోయు కాడీ సహింపలేకపోయెను. ఒకనాడు మేము ఆ కర్రమీద చేయి వేయగనే అతడు, "బాబూ, దాన్ని అలా ఉండనియ్యండి. మీరు దాన్ని తీసినప్పుడల్లా నేను తుప్పల్లోకి పోవలసి వస్తోంది" అనెను. మాకు కోపము వచ్చినది. బంతి తుప్పలలోనికి పోయినది. అతడు మారు మాటాడక వెదకబోయెను.

మా బృందములో పెద్దలొకరు కలరు. ఉద్యోగము విరమించి చాలకాలమైనది. వారి సంగతి మా దాని కంటె బరువైనది. మేము ఆడుచోట ఒక మడుగు కలదు. దానిని దాటింపవలెనన్న బంతి 120 గజములు గాలిలోనే పోవలెను. పూర్వము వారు 6 ఐరన్‌తో అలవోకగా దాటించెడివారు. ఏండ్లు గడచిన కొలది 5, ఆ పిమ్మట 4 తీయవలసి వచ్చినది. తుదకు ఏది తీసినను నీటిలోనికే. హైబ్రిడ్ కొనుడని మిత్రులన్నచో, "అది ముసలివాళ్ల కర్రండీ. నేనింకా అంత దాకా రాలేదు" అనెడివారు. ఒక ఆదివారము మూడు బంతులు వరుసగా మడుగు పాలైనవి. "ఇక మనకు ఈ ఆట చాలునేమో" అని నవ్వుచునే అనిరి. తరువాత రెండు నెలలు మైదానమునకు రాలేదు. వారికి ఆదివారపు ఉదయమున వేరు వ్యాపకము లేదు. నాలుగు మైళ్ల నడక, నలుగురితో మాట అన్నియు ఆ ఆటతోనే ముడిపడి యున్నవి. వేరొకరు ఆట మానిన ఒక ఆటగాడు తగ్గెననుకొందుము. వారు మానుట అట్లు కాదు.

ముసలివారి కర్ర అను నపవాదము నిలువదని చెప్పుటకు ఒక్క ఉదాహరణము. 2009 ఆగస్టులో అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున హేజల్‌టైన్ మైదానములో పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్ పోటీ జరిగినది. మేజర్ అనబడు పెద్ద పోటీలలో మూడవనాటి ఆట ముగియునప్పటికి ముందుండి, ఆ తరువాత ఓడిన చరిత్ర టైగర్ వుడ్స్‌కు అంతవరకు లేదు. 14 పర్యాయములు అట్లుండి, పదునాల్గింటిని నెగ్గినవాడు. అతనితో తలపడినది కొరియా దేశీయుడు వై. ఇ. యాంగ్. చివరి గుంటకు వచ్చునప్పటికి యాంగ్ ఒక్క దెబ్బ మాత్రమే ముందున్నాడు. బంతికిని గుంటకును నడుమ 206 గజములు. ఎదుట ఒక చెట్టు. అతడు తీసినది 3 అంకె హైబ్రిడ్. బంతి చెట్టును దాటి గుంటకు సుమారు నాలుగు గజముల దూరమున నిలిచినది. తరువాతి దెబ్బకే గుంటలో వేసి, మూడు దెబ్బల తేడాతో పోటీ నెగ్గెను. ఆసియా ఖండమున పుట్టిన పురుషులలో మేజర్ నెగ్గిన మొదటివాడు అతడే. అప్పటికి అతనికి 37 ఏండ్లు. ముసలివాడనుట యెట్లు?

ఇక కొనుట. ఇందు మేము చేసిన పొరపాటునే ముందు విన్నవింతుము. 4 ఐరన్‌ను తీసివేయదలచి దుకాణమునకు పోయి, 4 అంకె హైబ్రిడ్ ఇమ్మంటిమి. అమ్మువాడు ఏమియు అడుగక ఇచ్చెను. ఇంటికి తెచ్చి కొట్టిచూడగా, మా 5 ఐరన్ 155 గజములు పోవుచుండ ఇది 160 పోయినది. దాని పైనున్న 5 వుడ్ 185 పోవును. అనగా క్రింద ఇద్దరు కవలలు, పైన పాతిక గజముల వెలితి. తప్పు మాది, కొంత అంకెలది. మేము అంతకు ముందే మార్చుకొనిన క్రొత్త ఐరన్ల వాలు పూర్వపు ఐరన్ల కంటె తక్కువ. ఒకప్పుడు 7 ఐరన్ వాలు 34, 35 డిగ్రీలుండెడిది. ఇటీవలి కొన్ని రకములలో అది 30 కంటె తక్కువ. మా 5 ఐరన్ 23 డిగ్రీలు, కొనిన హైబ్రిడ్ 22. రెండును ఇంచుమించు ఒకే దూరము పోవుటలో వింత యేమున్నది? అంకె కర్ర అడుగున చెక్కిన పేరు మాత్రమే. దానిని ఏ వాలుకు వేయవలెనో నిర్బంధము లేదు. ఒక సంస్థవారి 4 అంకె మరియొక సంస్థవారి 3 అంకెకు సమీపముగా నుండుట కలదు.

కావున దుకాణమునకు పోవుటకు మునుపు ఒక ఉదయము కేటాయించుకొనవలెను. సాధనచేయు మైదానమునకు పోయి, సంచిలో నమ్మకముగా కొట్టగల అత్యంత పొడుగు ఐరన్ ఏదియో, అత్యంత పొట్టి వుడ్ ఏదియో నిశ్చయించుకొనవలెను. నమ్మకమనగా పది దెబ్బలలో ఏడు సరిగా పోవుట; మా 3 ఐరన్ నమ్మకము వంటిది కాదు. ఒక్కొక్కదానితో పది బంతులు కొట్టి, మిక్కిలి దూరము పోయిన రెంటిని, మిక్కిలి దగ్గర పడిన రెంటిని విడిచి, మిగిలిన ఆరింటి సగటు తీయుడు. బంతి దొర్లి ఆగిన చోటు కాదు, గాలిలో పోయి మొదట పడిన చోటు చూడవలెను. మన వేసవి నేలలు గట్టివి. దొర్లిన దూరమును నమ్మి మడుగు దాటింప జూచినవాడు మునుగును. బంతి వేగమును, ఎత్తును, దూరమును లెక్కగట్టు యంత్రములు ఇప్పుడు అనేక సాధనశాలలలో ఉన్నవి. వాని సాయమున పని సులభము. ఐరన్ 150, వుడ్ 180 అని తేలినచో నడుమ 165 పోవు కర్ర ఒకటి చాలును. 140కి 180కి నడుమనైనచో రెండు కావలెను. కర్రకును కర్రకును 10 మొదలు 15 గజముల ఎడమున్న ఆటకు చాలును. దానికి ఏ వాలు సరిపోవునో కొట్టి చూచియే తెలిసికొనవలెను. సామాన్యముగా 3 అంకెకు 19, 20 డిగ్రీలు, 4 అంకెకు 22, 23, 5 అంకెకు 25, 26 ఉండును.

ఇట్లు కొలిచినప్పుడు మన గర్వమునకు గిట్టని ఫలితము వచ్చుట కలదు. పెద్దల విషయమున అదియే జరిగినది. మొదటి దెబ్బ డ్రైవరుతో 170 గజములు పోవువారికి 5 ఐరన్ కూడ అనవసరమే. కొందరికి 6 ఐరన్ స్థానమునను హైబ్రిడే తగును. 3 అంకె హైబ్రిడ్ కొనిన ఎక్కువ దూరము పోవునని ఆశించి, వేగము చాలక, 3 ఐరన్‌తో పడిన పాట్లే దానితోను పడువారున్నారు. వాలు తక్కువైన హైబ్రిడ్‌కును కొంత వేగము కావలెను. అట్టివారికి 7 అంకె వుడ్ మంచిదని మా అభిప్రాయము. దాని వాలు 21 డిగ్రీల ప్రాంతమున నుండును, కాడ ఇంకను పొడవు, బంతి మెత్తగా పైకి లేచును. హైబ్రిడ్‌ను గూర్చి ప్రసంగించుచు వుడ్‌ను పొగడుట తగదేమో గాని, ఉన్నమాట దాచుట అంతకంటె తగదు.

కాడను గూర్చి ఎవరును అడుగరు. హైబ్రిడ్ కాడలు చాలవరకు గ్రాఫైట్‌వి, ఐరన్ల ఉక్కు కాడల కంటె తేలిక. ఐరన్ కాడ బరువు 100 గ్రాములుండగా హైబ్రిడ్ కాడ 55 గ్రాములైనచో, చేతులకు తాళము తప్పును. బంతి ఎడమకు పరుగెత్తును. వుడ్ కాడకును ఐరన్ కాడకును నడుమ బరువు గలది చూచుకొనుట మేలు. కుడిచేతి ఆటగాండ్రలో వేగము గలవారు హైబ్రిడ్ బంతిని ఎడమకు మలుపునని నిందించుట తరచుగా వినుచుందుము. అది వట్టి నింద కాదు. బంతి లేవని వారికి సాయముగా కొన్ని రకములలో ముఖమును కొంచెము ఎడమకు మూసి చేయుదురు. బరువు వెనుకగా నుండుటయు అందులకే తోడ్పడును. అట్టివారు ముఖము సూటిగా నున్న రకమును అడిగి తీసికొనవలెను. కర్రను నేలపై ఆనించి పైనుండి చూచినచో ముఖము ఎటు చూచుచున్నదో కంటికే తెలియును.

పాత కర్ర కొనుట మా దృష్టిలో దోషము కాదు. హైబ్రిడ్ తయారీలో ఏటేట ప్రకటించు విప్లవములు మా బోటి వారికి మూడు గజముల తేడాయైనను తేవు. ముఖమున పగులు ఉన్నదేమో, తలను ఊపినచో లోపల గలగలమను చున్నదేమో, తల కాడతో కలియు చోట వదులున్నదేమో చూచిన చాలును. పట్టు అరిగినచో క్రొత్తది వేయించుకొనవచ్చును. మిక్కిలి చౌకగా వచ్చు పేరుపొందిన కర్రల విషయమున మాత్రము జాగ్రత్త అవసరము. నకిలీలు విరివిగా ఉన్నవి. విదేశమునుండి కుమారుడు తెచ్చిన కర్ర యైనచో ఏమి చేయుదుము? అది ఎవరి ఎత్తునకు, ఎవరి వేగమునకు కొనబడినదో కనుగొని, సరిపడకున్నచో కాడ మార్పించుకొనవలెను. బహుమానమును కాదనలేక ఆట చెడగొట్టుకొనిన వారిని ఎరుగుదుము.

కొట్టు విధమున ముఖ్యమైనది ఒక్కటి. దీని తల చూచుటకు వుడ్ వలె నుండును గనుక వుడ్ వలె ఊడ్చి కొట్టవలెనని తోచును. బంతిని పైకి ఎత్తవలెనని కుడిభుజమును దించి, శరీరమును వెనుకకు వాల్చుదురు. అప్పుడు కర్ర బంతికి వెనుకనే నేలను తాకి, పైకి లేచుచు బంతి నెత్తిని కొట్టును. బంతి ఉడుతవలె నేలబారున పరుగెత్తును. హైబ్రిడ్‌ను ఐరన్‌వలెనే కొట్టవలెను. బంతిని పాదముల నడిమికి కొంచెము ముందుగా, ఎడమ మడమకు రెండు మూడు అంగుళముల లోపలగా నుంచి, కర్ర ఇంకను క్రిందికి దిగుచుండగనే బంతి తగులునట్లు చేయవలెను. బంతి పోయిన పిమ్మట, బంతి ఉన్నచోటికి ముందుగా, గడ్డి కొంచెము గీరుకొనియుండవలెను. బంతిని లేపు పని వాలుది, అడుగున నున్న బరువుది. మన పని కాదు. మేము దీనిని నమ్ముటకు మూడు నెలలు పట్టినది. చేతులకు ఏండ్ల తరబడి నేర్పిన తప్పును మాన్పుట అంత తేలిక కాదు.

గట్టి నేలను గూర్చి మన ఆటగాండ్రకు ప్రత్యేకముగా చెప్పవలెను. చైత్ర వైశాఖములలో గడ్డి ఎండి నేల బండవలె నున్నప్పుడు, వెడల్పైన అడుగు బంతికి వెనుక తగిలినచో జారుట మాని ఎగిరిపడును. అప్పుడు బంతిని మామూలు కంటె ఒక బంతి వెడల్పు వెనుకగా నుంచి, పట్టును అంగుళము క్రిందికి పట్టి, ముందు బంతియే తగులునట్లు కొట్టవలెను. దూరము కొంత తగ్గును. బంతి దారి తప్పదు. వానకాలమున ఎత్తుగా పెరిగిన గడ్డిలో చేయవలసినది వేరు. ఐరన్ మెడకు గడ్డి చుట్టుకొని ముఖమును తిప్పివేయును. హైబ్రిడ్ తల గడ్డిని విడదీసికొని పోవును. ఐనను బంతి సగము కనబడుచున్నప్పుడే దీనిని తీయవలెను. బంతి పూర్తిగా మునిగియున్నచో ఏ హైబ్రిడ్‌ను రక్షింపదు. వాలు మిక్కిలి హెచ్చైన వెడ్జ్ అను కర్రతో ప్రక్కనున్న కత్తిరించిన పచ్చికలోనికి వేసి, ఒక దెబ్బ పోయిననుకొనుట మంచిది. మొదటి దెబ్బకు చిన్న పుల్లమీద బంతిని నిలిపి కొట్టవచ్చును గదా. హైబ్రిడ్‌కు ఆ పుల్లను అర అంగుళము కంటె ఎత్తు నిలుపరాదు.

మా పెద్దలను మరల మైదానమునకు రప్పించినది మేము కాదు, కాడీ. ఒకనాడు వారు ఎదురుపడగా, "బాబూ, ఒక్క మారు వచ్చి చూడండి, కర్ర నేను తెస్తాను" అని పిలిచెనట. ఎవరిదో 26 డిగ్రీల హైబ్రిడ్ అడిగి తెచ్చి, మడుగు ఎదుట వారి చేతిలో పెట్టెను. మొదటి బంతి నీటిలో పడినది. వారు అలవాటు చొప్పున ఎత్తి కొట్టబోయిరి. "క్రిందికి కొట్టండి బాబూ, పైకి అదే పోతుంది" అనెను కాడీ. రెండవ బంతి దాటినది. పది గజములు అవతల పడినది. పెద్దలు ఏమియు అనక మూడవ బంతికి చేయి చాచిరి. ఇప్పుడు వారి సంచిలో మూడు హైబ్రిడ్లున్నవి. వాని తలలకు వేసిన తొడుగులు మనుమరాలు అల్లినవి.

ఈ కర్రకు పొట్టి ఉపయోగము ఒకటి కలదు. దానిని చాలమంది ఎరుగరు. గుంట చుట్టును నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అందురు. గ్రీన్ అంచునకు బయట, రెండు మూడు అంగుళముల గడ్డిలో బంతి యున్నప్పుడు, గ్రీన్‌పై దొర్లించుటకు వాడు పటర్ అను కర్రతో కొట్టినచో బంతి గడ్డిలో చిక్కుకొనును. వెడ్జ్‌తో కొట్టినచో చేయి వణకినవానికి బంతి గ్రీన్ అవతల పడును. 2004లో స్కాట్లండులోని రాయల్ ట్రూన్‌లో జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్‌లో టాడ్ హామిల్టన్ అను అమెరికా దేశీయుడు ఎర్నీ ఎల్స్‌తో సమముగా నిలిచి, నాలుగు గుంటల అదనపు ఆట ఆడవలసి వచ్చినది. చివరి గుంటవద్ద అతని బంతి గ్రీన్‌కు ఇవతలనే ఆగినది. గుంటకు దూరము సుమారు 30 గజములు. అతడు హైబ్రిడ్ తీసి, పటర్‌వలె మెల్లగా నెట్టెను. బంతి చిన్న గెంతు గెంతి, గ్రీన్‌పై దొర్లి, గుంటకు రెండడుగుల సమీపమున ఆగినది. పోటీ అతనిదైనది.

దీనికి బలము అక్కరలేదు. పట్టును బాగుగా క్రిందికి, కాడ సమీపమున పట్టుకొని, బంతికి దగ్గరగా నిలిచి, మణికట్టులు కదలింపక భుజములతో ఊపవలెను. వాలు బంతిని గడ్డిమీదుగా లేపి విడుచును, మిగిలినది దొర్లుటయే. పటర్‌తో కొట్టునంత ఊపు కంటె కొంచెము తక్కువ ఊపు చాలును. ఎంత తక్కువయో పదిమార్లు కొట్టినచో చేతికే తెలియును. పెరడు గలవారు సాయంకాలమున ఒక తువ్వాలు పరచి, బంతి దానిమీదుగా గెంతి అవతల దొర్లునట్లు సాధన చేయవచ్చును. గోడకు, కిటికీకి భయము లేదు. మేము ఇంట అట్లే చేయుచున్నాము.

మా 3 ఐరన్ అమ్ముడుపోలేదు, అడిగినవారును లేరు. అటకమీద నున్నది. కోతులు మామిడిచెట్టుమీదికి వచ్చినప్పుడు దింపుచుందుము.